ఆరోగ్యశాల నుండి ఆరోగ్యశ్రీ వఱకు: తుళ్లూరు సీమలో వైద్యవిశ్వాస చరిత్ర

కృష్ణానదికి దక్షిణపు టొడ్డున, గుంటూరు జిల్లా తుళ్లూరు మండలములో మల్కాపురమను చిన్న గ్రామము కలదు. అచట నిలిచియున్న శిలాస్తంభముపై శాలివాహన శకము 1183, అనగా క్రీ.శ. 1261 నాటి శాసనమొకటి చెక్కబడి యున్నది. కాకతీయ రుద్రమదేవి పాలనకాలమునకు చెందిన ఈ శాసనమును జయంతి రామయ్య పంతులుగారు ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికలో ప్రకటించిరి. గోళకీమఠ చరిత్రకును, ఆంధ్రదేశమున శైవాగమ ప్రచారమునకును ఇది ముఖ్యాధారముగా పరిగణింపబడుచున్నది. ప్రస్తుత వ్యాసమున దీనిని వేఱొక ప్రయోజనమునకై పరిశీలింపబూనితిని. ప్రజలు వైద్యుని ఎప్పుడు నమ్మిరి, ఎప్పుడు శంకించిరి, ఆ శంకకు మూలమేమి యన్నది నా ప్రశ్న.

ఈ ప్రశ్నకు సాధారణముగా లభించు సమాధానము ఒక్కటే. ప్రజలు అజ్ఞానులు గనుక టీకాను, ఆసుపత్రిని, శస్త్రచికిత్సను నమ్మలేదనియు, చదువు పెరిగినకొలది ఆ భయము తొలగిపోవుననియు చెప్పుదురు. పందొమ్మిదవ శతాబ్దపు దొరతన నివేదికలలో మొదలైన ఈ వాదము నేటికిని పాఠ్యగ్రంథములను విడువలేదు. అయితే ఇరువది యొకటవ శతాబ్దమున, అక్షరాస్యత పెరిగి, వీథివీథికి ఆసుపత్రి వెలసిన తరువాతను శంక తగ్గలేదు. కావున కారణమును మఱియొక చోట వెదకవలసి యున్నది.

1. శాసనోక్తమైన ఆరోగ్యశాల

గౌడదేశమునుండి వచ్చిన విశ్వేశ్వర శివాచార్యుడు కాకతీయ గణపతిదేవునకు గురువు. గణపతిదేవుడు ఈయనకు మందర గ్రామమును దానమొసగ నిశ్చయింపగా, రుద్రమదేవి ఆ దానమును స్థిరపఱచి, వెలగపూడి గ్రామమును కూడ చేర్చి ఇచ్చెను. మందరమే నేటి మందడము. విశ్వేశ్వరుడు అచట దేవాలయమును, మఠమును, విద్యార్థి నివాసమును, అన్నసత్రమును నెలకొల్పెను. ఆదాయమును మూడు భాగములు చేసి, ఒకటి ప్రసూతిశాలకు, ఒకటి ఆరోగ్యశాలకు, ఒకటి విప్రసత్రమునకు కేటాయించినట్లు శాసనము తెలుపుచున్నది. వేదములను, తర్కసాహిత్యాగమములను బోధించు ఆచార్యులతో పాటు వైద్యుడొకడును, లెక్కలు వ్రాయు కాయస్థుడొకడును భూమి పొందినవారి పట్టికలో కనబడుదురు. అన్నసత్రమున బ్రాహ్మణాది చండాలపర్యంతము అందఱికిని అన్నమిడవలెనని నియమించుట విశేషము.

ఆంధ్రదేశమున రోగులకు ప్రత్యేకస్థానము కల్పించుట ఇదియే మొదలు కాదు. మూడవ శతాబ్దపు ఇక్ష్వాకుల కాలమున నాగార్జునకొండ విహారమునందు 'విగతజ్వరాలయ'మను పేరు కనబడుచున్నది. అయితే మల్కాపుర శాసనమున ఒక క్రొత్త యంశము కలదు. వైద్యుని పోషణకు ధనము ఏ గ్రామమునుండి వచ్చునో, ఎంత భాగము వచ్చునో, లెక్క వ్రాయువాడెవడో, అన్నియు బాటసారి కంటికి కనబడునట్లు ఱాతిపై నిలుపబడినవి. వైద్యుడును కాయస్థుడును ఒకే పట్టికలో నుండుటను నేను యాదృచ్ఛికముగా భావింపను.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. శాసనము దాత సంకల్పమును చెప్పునే గాని, ప్రసూతిశాలలో పురుడు పోసికొన్న స్త్రీ అనుభవమును చెప్పదు. కావున పదుమూడవ శతాబ్దమున అంతయు విశ్వాసమే యుండెనని తేల్చుట చరిత్ర కాజాలదు. శాసనమునుండి మనము గ్రహింపదగినది ఒక ఏర్పాటు మాత్రమే. వైద్యుడు ఆ యూరివాడు, అతని జీతము ఆ యూరి పంట, ఆ విషయము అందఱికిని తెలిసినది.

2. మందు, హస్తవాసి

రోగి నోటిమాట శాసనములలో లేకున్నను భాషలో కొంత నిలిచియున్నది. తెలుగున 'మందు' అను మాట చిత్రమైనది. రోగము కుదుర్చునది మందు. వశీకరణకై అన్నములో కలుపునదియు మందే. దానినే 'మందు పెట్టుట' అందురు. తుపాకిలో దట్టించునది మందు, కల్లుసారాలు మందు. ప్రత్తి, మిరప పండించు ఈ నల్లరేగడి సీమలో పైరుపై చల్లు విషమును కూడ రైతు మందనియే యనును. 'మందు కొట్టితిమి' యన్నచో చేనిపై పురుగుమందు చల్లితిమని యర్థము. 'మందు త్రాగెను' అని ఒక యింట వినబడినచో, త్రాగినది సారాయో పురుగుమందో అని విన్నవాని గుండె తల్లడిల్లును. ఒకే పాత్రలో ప్రాణము నిలుపునదియు తీయునదియు ఉండవచ్చునని ఈ భాష ఎఱుగును. కావుననే మందుకన్న దానిని ఇచ్చు చేతికి ప్రాధాన్యము కలిగినది.

ఆ చేతికి మన భాష పెట్టిన పేరు 'హస్తవాసి'. 'ఆయన హస్తవాసి మంచిది' అను మాటను మూఢనమ్మకముగా కొట్టివేయరాదు. ఒక వైద్యుని చేత ఎందఱు బ్రదికిరి, ఎందఱు పోయిరి యన్నది ఊరు గుర్తుంచుకొని చేసిన మదింపు దానిలో నిమిడి యున్నది. పొగడ్తయే కాదు, నిందయు కలదు. నూఱుగురిని చంపినగాని వైద్యుడు కాడను భావము గల సామెత, రోగి కోరినదియు పాలే వైద్యుడిచ్చినదియు పాలే యను సామెత, రెండును వైద్యుని పరీక్షించు లోకపు చూపును తెలుపును. అనగా పూర్వము కూడ శంక లేకపోలేదు. అయితే అది ముఖమెఱిగినవానిపై శంక. తప్పు జరిగినచో ఎవని గడపకు పోయి అడుగవలెనో తెలిసియుండెను.

3. టీకాలు, కల్పిత ప్రమాణము

గోమసూచి టీకా 1802లో బొంబాయి చేరి, ఆ సంవత్సరముననే మద్రాసు రాజధానికిని వచ్చెను. గుంటూరు సీమలో మశూచిని జనులు 'అమ్మవారు పోసినది' యనిరి. పోలేరమ్మ కొలువు, వేపమండలు, పథ్యనియమములు, ఇంటికి రాకపోకల నిషేధము, ఇవన్నియు ఆ రోగము చుట్టును అల్లుకొన్న ఆచారములు. వీనిలో అంటు నివారించు వివేకము కొంత కలదు. అట్టి యింటికి ప్రభుత్వోద్యోగి వచ్చి బిడ్డ భుజముపై గాటు పెట్టెదననగా తల్లి వెనుదీయుట సహజము. పైగా ఆ కాలమున ఒక బిడ్డ పుండునుండి తీసిన రసమును మఱియొక బిడ్డకు వేయు పద్ధతి యుండెను. దానివలన ఇతర రోగములు సంక్రమించు ప్రమాదము నిజముగనే కలదని తరువాతి వైద్యశాస్త్రమే అంగీకరించెను. తల్లి భయమున జ్ఞానాంశ మెంతయో ఇప్పుడు మనకు తెలియుచున్నది.

ఈ భయమును పోగొట్టుటకు మద్రాసులో జరిగిన ప్రయత్నము తెలుగు పరిశోధకులు ప్రత్యేకముగ గమనింపదగినది. క్యాంబెల్ తెలుగు వ్యాకరణమునకు 1816లో పీఠిక వ్రాసి, ద్రావిడ భాషల ప్రత్యేకతను మొట్టమొదట నిరూపించిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ దొరను మనమందఱమును ఎఱుగుదుము. ఆయనయే గోమసూచి మహిమను దేశీయ పురాణ ఫక్కిలో వర్ణించు కథ నొకదానిని రచించెను. టీకా పూర్వము ధన్వంతరి చెప్పినదే యని వాదించు లేఖ 1819లో మద్రాసు కొరియరు పత్రికలో వెలువడెను. ఆ ప్రమాణము ప్రాచీన గ్రంథములందు లేదని తరువాతి పండితులు తేల్చిరి. ఉద్దేశము మంచిదే, టీకా నిజముగ ప్రాణరక్షకమే. కాని సత్యమైన మందునకు అసత్యమైన సాక్ష్యము తెచ్చుట వలన, ప్రజను ఒప్పింపవలసినవారు ఏమార్ప జూచినట్లయ్యెను. 1880లో వచ్చిన టీకా చట్టము అది వర్తించిన పట్టణములలో నిర్బంధమును ప్రవేశపెట్టెను. బోధన, కల్పన, నిర్బంధము అను మూడు మార్గములలో మొదటిది మిక్కిలి మందగతిని సాగెను. భారతదేశమున మశూచి కడపటి రోగి 1975లో కనబడినాడు. శాస్త్రము గెలిచిన మాట నిజము. ఆ గెలుపునకు నూట డెబ్బది యేండ్లు పట్టుటకు జనుల మౌఢ్యమొక్కటే కారణమనుట మాత్రము న్యాయము కాదు.

4. గుంటూరి ఆసుపత్రి

దీనికి భిన్నమైన అనుభవము గుంటూరి లూథరన్ మిషను చరిత్రలో కలదు. 1842లో గుంటూరు చేరిన హేయర్ పాదిరి నడుమ స్వదేశమునకు పోయి 1847లో వైద్యపట్టము పొంది వచ్చెను. 1883లో డాక్టరు ఆనా సారా కుగ్లర్ గుంటూరు వచ్చెను. పెన్సిల్వేనియా స్త్రీల వైద్యకళాశాలలో చదివినను, తొలుత ఆమెను వైద్యురాలిగ గాక ఉపాధ్యాయినిగ పంపిరి. అన్యమతస్థురాలు నీరు కలిపి యిచ్చిన మందును పుచ్చుకొనుటకు అగ్రవర్ణ గృహములు సంకోచించిన కాలమది. మందుతో పాటు మతమును ఇత్తురను శంకయు నిరాధారము కాదు, మిషను ఆశయమే అది గదా.

అయినను ఆ శంక క్రమముగ సడలెను. ఇండ్లకు పోయి పురుళ్లు పోసి, చిన్న ఔషధశాలను నడిపి, 1890ల కడపట స్త్రీలకు శిశువులకు ఆసుపత్రిని ఆమె నెలకొల్పగలిగెను. తమ కుటుంబమునకు జరిగిన చికిత్సకు కృతజ్ఞతగా ఏలూరు రాజా రోగుల బంధువులకై ఆసుపత్రి చెంత వసతిగృహమును కట్టించెను. ఈ వసతిగృహము చిన్న విషయముగ తోచవచ్చును. రోగి బంధువులు తమ ఆచారము తప్పక అచటనే వండుకొని యుండుటకు వీలు కలుగగా, రోగి ఒంటరితనమును, పరాయితనమును తీరెను. కుగ్లర్ 1930లో గుంటూరిలోనే కన్నుమూసెను. నలువది యేడేండ్ల స్థిరవాసము ఏ ప్రకటనయు చేయలేని పనిని చేసెను. ఆమె మతము మాఱలేదు. మాఱినది ఒక్కటే: ఆమె ఎవరో ఊరికి తెలిసెను.

5. పట్టిక కెక్కినవారు, ఎక్కనివారు

1914లో మద్రాసు వైద్యుల రిజిస్ట్రేషను చట్టము వచ్చెను. పాశ్చాత్య వైద్యవిద్య నేర్చినవారి పేర్లు ప్రభుత్వ పట్టిక కెక్కెను. వంశపరంపరగ గ్రామములందు చికిత్స చేయుచున్న ఆయుర్వేద, యునానీ వైద్యులు దానికి వెలుపల మిగిలిరి. 1918లో ప్రభుత్వము కోమన్ గారిని దేశీయౌషధ పరిశోధనకు నియమించెను. ఆయన అభిప్రాయములపై దేశీయ వైద్యులలో రేగిన నిరసన ఫలితముగ 1921లో మహమ్మదు ఉస్మాను అధ్యక్షతన సంఘ మేర్పడి 1923లో నివేదిక నిచ్చెను. ఆ నివేదిక రెండవ భాగమున తెలుగు వైద్యులు తెలుగుననే యిచ్చిన సాక్ష్యములు కలవు. వైద్యపరిభాషా పరిణామమును పరిశోధింపదలచు విద్యార్థులకు అది యొక గని. ఇంగ్లీషు వైద్యమున పట్టము పొందియు, దీవి గోపాలాచార్లుగారి ప్రభావమున ఆయుర్వేదమునకు మరలిన ఆచంట లక్ష్మీపతిగారి జీవితము ఆ కాలపు సంఘర్షణకు నిదర్శనము. ఆయన భార్య రుక్మిణీ లక్ష్మీపతి 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గమున ప్రజారోగ్యశాఖను నిర్వహించిరి. గుంటూరు వైద్యకళాశాల ఆ సంవత్సరముననే వెలసెను.

కళాశాల వచ్చెను గాని అచట చదివిన వైద్యుడు పల్లెకు రాలేదు. ఆ ఖాళీని పూరించినవాడు నేడు మనము 'ఆర్.ఎం.పి.' యని పిలుచు గ్రామవైద్యుడు. ఈ మాట అర్థవిపరిణామమునకు చక్కని యుదాహరణము. పట్టికలో పేరున్న వైద్యుడని మూలార్థము. పట్టికలో పేరులేని వైద్యుడని నేటి రూఢ్యర్థము. అర్ధరాత్రి పిలిచిన వచ్చును, అప్పుపై సూది వేయును, పంట వచ్చిన తరువాత డబ్బు పుచ్చుకొనును. చట్టము కాదన్న వానిని ఊరు ఔనన్నది. అయితే పట్టణపు ఆసుపత్రికి రోగిని తోడ్కొనిపోయినందుకు కమీషను పుచ్చుకొను వాడుకయు వీరిలో వ్యాపించెను. వైద్యులు కమీషను ఇచ్చుటయు పుచ్చుకొనుటయు భారత వైద్యమండలి 2002 నాటి నీతినియమములు నిషేధించినవి. తన యూరివాడే తనను అమ్ముకొనెనని రోగి గ్రహించిననాడు, హస్తవాసిపై నిలిచిన పాతనమ్మకము కూడ బీటవాఱెను.

6. ఆరోగ్యశ్రీ

2007 ఏప్రిల్ 1వ తేదీన మహబూబ్‌నగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకము ప్రారంభమై, మఱుసటి సంవత్సరమునకు రాష్ట్రమంతట వ్యాపించెను. తెల్ల రేషనుకార్డు గల కుటుంబమునకు తొలుత సంవత్సరమునకు 2 లక్షల రూపాయల వఱకు, నిర్ణీతమైన జబ్బులకు, పథకమున చేరిన ఆసుపత్రులలో ఉచిత చికిత్స లభించెను. ధనమును తొలుత భీమా సంస్థయు, తరువాత ప్రధానముగ ప్రభుత్వ ట్రస్టును చెల్లించెను. గుండె శస్త్రచికిత్స ఊహకు కూడ అందని వేలకొలది పేదలు దీనివలన బ్రదికిరి. ఈ మేలును తక్కువ చేయుట కృతఘ్నత.

కాని ఏర్పాటును పరిశీలింపుడు. చికిత్స పొందువాడొకడు, చేయువాడొకడు, డబ్బు చెల్లించువాడు మఱియొకడు. రోగి సంతకము చేసిన కాగితముపై వ్రాసిన మొత్తమెంతో, అది ఏ చికిత్సకో అతనికి తెలియదు. ఒక్కొక్క చికిత్సకు ఒక్కొక్క ధర నిర్ణయమైనప్పుడు, అవసరము లేని శస్త్రచికిత్సకు ఆకర్షణ కలుగును. గర్భసంచి తొలగించు ఆపరేషనుల విషయమున ఇది బయటపడెను. 2015-16 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి 3.2 కాగా, ఆంధ్రప్రదేశమున 8.9. ఈ ఆపరేషనులన్నియు పథకము వలన జరిగినవి కావు, ఆ వాడుక అంతకు పూర్వమే కలదు. అయినను ప్రభుత్వమే కొంతకాలమునకు ఈ శస్త్రచికిత్సను పథకము క్రింద ప్రభుత్వాసుపత్రులకు పరిమితము చేయవలసి వచ్చెను. ప్రత్తిచేలలో వంగి పనిచేయు కూలిస్త్రీకి ముప్పది యేండ్లకే గర్భసంచి లేకపోవుట యెట్టిదో సంఖ్యలు చెప్పలేవు. ఆమె శంకను అజ్ఞానమనుటకు మనకేమి యధికారము కలదు?

2009లో అవిభక్తాంధ్రప్రదేశములోని ఖమ్మము జిల్లాలో సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు నివారక టీకాలు వేయు అధ్యయనము జరిగెను. అనేక సమ్మతిపత్రములపై తలిదండ్రులకు మాఱు వసతిగృహముల వార్డెనులు సంతకములు చేసినట్లు తేలెను. 2010లో అధ్యయనమును నిలిపిరి. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము దీనిని తీవ్రముగ విమర్శించెను. అప్పుడు సంభవించిన బాలికల మరణములు టీకా వలన కలిగినవి కావని విచారణలో తేలినను, అడుగక చేసిన దోషము మిగిలిపోయెను. రెండువందల యేండ్ల పూర్వపు తప్పే మఱల జరిగెను: మందు మంచిదైనను అడిగిన తీరు మంచిది కాదు.

న్యాయస్థానము కొంత దారి చూపెను. రోగి కూడ వినియోగదారుడేయని 1995లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. అయితే అందఱికిని పూర్తిగ ఉచితముగ సేవచేయు ఆసుపత్రి ఆ చట్టపరిధికి వెలుపలనే యుండునని అదే తీర్పు తెలుపుచున్నది. ధర్మాసుపత్రినే నమ్ముకొన్న నిఱుపేద ఆ తలుపు తట్టజాలడు. మఱియొక ప్రక్క, 2008లో వైద్యులపై దాడులను శిక్షించు చట్టము రాష్ట్రమున చేయవలసి వచ్చెను. వైద్యుడు రోగి బంధువులకు వెఱచుటయు, రోగి వైద్యుని లెక్కకు వెఱచుటయు ఒకే రోగపు రెండు లక్షణములు.

నమ్మకము ఎటు పోవునో 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నము చూపినది. కోవిడు వ్యాధికి ఆనందయ్యగారు ఉచితముగ ఇచ్చు మందునకై వేలకొలది జనులు గుమిగూడిరి. కంటి చుక్కలు తప్ప తక్కిన మందులకు ప్రభుత్వమును అనుమతి నిచ్చెను. అవి ఆ వ్యాధిని కుదుర్చునని నిరూపణ కాలేదు. అయినను ఇచ్చువాడు ఎదుట నున్నాడు, డబ్బడుగలేదు, పేరు తెలిసినవాడు. విశ్వాసమునకు చాలిన ఈ గుణములు సత్యమునకు చాలవు. శాస్త్రీయ వైద్యము ఈ గుణములను వదలుకొన్నప్పుడు, వానిని వేఱొకరు ధరింతురు. ఆ గుంపులలో ఒకరి రోగము ఒకరికి అంటు ప్రమాదము కలదు. కావున అవిశ్వాసమునకు మూల్యము చెల్లించునది కూడ రోగియే.

7. ఉపసంహారము

మఱల తుళ్లూరు సీమకు వత్తము. 2014లో రాజధానికై భూసమీకరణ జరిగినప్పుడు, ఆ సంవత్సరము డిసెంబరు 8 నాటికి ఆ గ్రామములందు నివసించుచున్న వారికి ఉచిత విద్యావైద్యములు కల్పింతుమని ప్రభుత్వము వాగ్దానము చేసెను. నాడు రుద్రమదేవి చేర్చి యిచ్చిన వెలగపూడిలోనే 2016లో తాత్కాలిక సచివాలయము వెలసెను. నాడు భూమి ఇచ్చినది ప్రభువు, వైద్యము పొందినది ప్రజ. నేడు భూమి ఇచ్చినది ప్రజ, వైద్యము మాట యిచ్చినది ప్రభుత్వము. 2019లో రాజధాని పనులు నిలిచెను. తుళ్లూరు, మందడము శిబిరములలో రైతులును స్త్రీలును దీర్ఘకాలము నిరసన సాగించిరి. 2024లో పనులు మఱల ఆరంభమయ్యెను. సమీపమున మంగళగిరిలో అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ 2024లో జాతికి అంకితమయ్యెను. ఆరోగ్య పథకము పేరు 2014 తరువాత ఎన్.టి.ఆర్. వైద్యసేవయై, 2019 తరువాత వై.ఎస్.ఆర్. ఆరోగ్యశ్రీయై, 2024లో మఱల ఎన్.టి.ఆర్. వైద్యసేవ యయ్యెను. బకాయిలు రాలేదని పథకపు ఆసుపత్రులు సేవలు నిలుపుటయు పలుమాఱు జరిగెను. కార్డుపై పేరు మాఱినపు డెల్ల, ఈ కార్డు చెల్లునా యని రోగి అడుగవలసి వచ్చెను.

పైన చూచిన దృష్టాంతములనుండి ఒక సిద్ధాంతము తేలుచున్నది. వైద్యమున విశ్వాసము ఔషధగుణము వలననే పుట్టదు. సమాధానము చెప్పవలసినవాడెవడో రోగికి తెలిసినప్పుడు పుట్టును. గ్రామవైద్యుని హస్తవాసి, కుగ్లరు స్థిరవాసము, మల్కాపుర శాసనము, మూడును ఈ యొక్క విషయమునే వేర్వేఱు భాషలలో చెప్పుచున్నవి. టీకాపై పుట్టిన పురాణము, వార్డెను సంతకము, రోగి చదువని ధరల పట్టిక, ఈ మూడును దానికి విరుద్ధములు. కావున వైద్యచరిత్ర పరిశోధకులు ప్రజల శంకను మౌఢ్యపు లెక్కలో వ్రాసి త్రోసివేయక, సామెతలను, సాక్ష్యములను, తీర్పులను జోడించి, దానిని సాక్ష్యాధారముగ చదువవలసి యున్నది.

మల్కాపురపు ఱాయి ఏడువందల యఱువది యేండ్లకు పైగా ఎండకు వానకు ఓర్చి నిలిచినది. దానిపై వైద్యుని ప్రక్కనే లెక్కలవాడు ఉన్నాడు. ఆ లెక్కను ఎవరైనను చదువవచ్చును. నేటి ఆసుపత్రి గోడపై అట్టి పట్టిక యొకటి, రోగి చదువగల తెలుగున వ్రాయబడిననాడు, శంకకు మందు దొరకినదనుకొనవచ్చును.